విమానంలో గాలికి అధిపతి ఎవరు?

(హుబ్బళ్లిలో మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంతకుముందే సిద్ధాంతిగారు పంచాంగ శ్రవణం చేశారు. ఈ ఏటికి రాజెవరో, మంత్రెవరో, సస్యాధిపతి ఎవరో, మేఘాధిపతి ఎవరో వివరంగా వినిపించారు. మన పూర్వులు వానకొక అధిపతిని, పైరుకొక అధిపతిని, రసాలకొక అధిపతిని ఏర్పాటు చేసిపెట్టారు. దేనికి ఎవరు జవాబుదారో ఏడాది మొదట్లోనే నలుగురిలో చదివి వినిపించే ఆచారం మనది. ఈవేళ మేము మీ ముందు పెట్టదలచిన ప్రశ్న కూడా అటువంటిదే. విమానం ఎక్కి, తలుపు మూసిన తరువాత మనం పీల్చే గాలికి అధిపతి ఎవరు? ఆ గాలి ఎక్కడ నుంచి వస్తున్నది? అది చెడితే ఎవరు చూస్తారు, ఎవరు రాస్తారు, ఎవరు అడుగుతారు?

రైల్వే గుమాస్తాలకు విమానాల గొడవ ఎందుకని కొందరు నవ్వవచ్చును. మేము మెట్రిక్యులేషన్ వరకు చదువుకున్నవాళ్లం. ఇంజనీర్లమూ కాము, డాక్టర్లమూ కాము. అయితే రిజిస్టర్లు రాయడం మా వృత్తి. ఏ బండి ఎన్ని నిమిషాలు ఆలస్యమైనదీ, ఏ పెట్టె ఇరుసు వేడెక్కినదీ, ఏ గేటు దగ్గర ఏమి జరిగినదీ, తేదీ వేసి, వేళ వేసి, సంతకం చేసి రాస్తేనే మా దగ్గర అది జరిగినట్టు లెక్క. రాయని తప్పును సరిచేసేవారుండరు. ఈ ఒక్క సంగతి మాత్రం మేము సాధికారంగా చెప్పగలము. మా ప్రసంగమంతా దీనిమీదనే నడుస్తుంది.

మన తాతలు ఈ ఊరికి మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే రోజుల్లో బెజవాడ నుంచీ గుంతకల్లు నుంచీ ఉద్యోగాల కోసం వచ్చారు. మన నాన్నల కాలంలో పెళ్లికైనా, చావుకైనా, పండుగకైనా రైలే దిక్కు. ఇప్పటికీ అమరావతి ఎక్స్‌ప్రెస్సులో సీటు దొరికితే మనకు పండుగే. కానీ కాలం మారింది. మనవడు పుట్టాడని కబురందితే హైదరాబాదుకో విశాఖపట్నానికో విమానంలో ఎగిరిపోయే తల్లులు ఈ సభలోనే ఉన్నారు. గల్ఫు దేశాల్లో పని చేసే అన్నదమ్ములు, అమెరికాలో కాపురముంటున్న ఆడబిడ్డలు మనకు ఉన్నారు. వీరందరికన్నా ముఖ్యంగా, మన కాలనీలో పుట్టి పెరిగి విమానాల్లో ఎయిర్‌హోస్టెస్ ఉద్యోగాలు చేస్తున్న ఆడపిల్లలున్నారు. మనం ఏడాదికి ఒకసారో రెండుసార్లో పీల్చే గాలిని వారు రోజూ పీలుస్తున్నారు. అందుచేత ఇది పెద్దవాళ్ల గొడవ అని ఊరుకోవడానికి వీలులేదు.

ముందు ఆ గాలి సంగతి చెప్పుకుందాం. జెట్ విమానం సాధారణంగా 35 వేల అడుగుల ఎత్తున పోతుంది. అక్కడ బయట చలి సున్నాకు దిగువన 50 డిగ్రీల పైమాటే. గాలి ఎంత పలచగా ఉంటుందంటే, మనిషి దానిలో నిలబడితే నిమిషంలోపలే స్పృహ తప్పుతాడు. కనుక బయటి గాలిని నొక్కి, చిక్కబరచి లోపలికి పంపాలి. ఇందుకు విమానం కట్టేవాళ్లు ఒక సులువు కనిపెట్టారు. జెట్ ఇంజను ముందు భాగంలో రెక్కల చక్రాలు గాలిని లోపలికి లాగి మెట్టుమెట్టుగా నొక్కుతాయి. ఆ నొక్కిన గాలిలోకే తరువాత ఇంధనం చల్లి మండిస్తారు. మండించకముందే కొంత గాలిని గొట్టం ద్వారా పక్కకు తీసి, చల్లార్చి, క్యాబిన్‌లోకి వదులుతారు. దీనికి ఇంగ్లీషువారు పెట్టిన పేరు బ్లీడ్ ఎయిర్. సైకిలు పంపుతో గాలి కొట్టిన కుర్రవాడెవడైనా పంపు అడుగు చేతికి వేడిగా తగలడం ఎరుగును. నొక్కిన గాలి వేడెక్కుతుంది. ఇంజనులో నొక్కిన గాలి 200 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది కనుకనే దాన్ని చల్లార్చవలసి వస్తున్నది.

ఇందులో మంచి సంగతులు కూడా చెప్పాలి. విమానంలో గాలి రెండు మూడు నిమిషాలకు ఒకసారి పూర్తిగా మారుతుంది. మన సినిమా హాళ్లలో గానీ, కల్యాణ మండపాల్లో గానీ అంత తొందరగా మారదు. క్యాబిన్ గాలిలో దాదాపు సగం కొత్తగా వచ్చినది, తక్కిన సగం లోపలి గాలినే జల్లెడ పట్టి మళ్లీ తిప్పినది. ఆ జల్లెడను హెపా ఫిల్టరు అంటారు. అది దుమ్మును, సూక్ష్మక్రిములను నూటికి 99కి పైగా పట్టేస్తుంది. కరోనా రోజుల్లో కంపెనీలు దీన్ని గూర్చి చాలా గొప్పగా చెప్పుకున్నాయి. చెప్పుకోదగిన మాటే. కానీ ఆ జల్లెడ క్రిమిని పట్టినట్టు ఆవిరిని, వాయువును పట్టలేదు. అదీగాక అది తిప్పిన గాలికి మాత్రమే అడ్డం ఉంటుంది. ఇంజను నుంచి తిన్నగా వచ్చే గాలికి చాలా విమానాల్లో అటువంటి జల్లెడ లేదు.

చిక్కు ఇక్కడే ఉన్నది. ఇంజను తిరగాలంటే బేరింగులకు నూనె కావాలి. ఇరుసుకు నూనె అందకపోతే ఏమవుతుందో రైల్వే కుటుంబాలకు చెప్పనక్కరలేదు. ఆ నూనె గాలిదారిలోకి రాకుండా సీళ్లు బిగిస్తారు. ఈ సీళ్లు చాలావరకు గాలి ఒత్తిడి మీదనే ఆధారపడి పని చేస్తాయి. ఇంజను మొదలుపెట్టేటప్పుడు, వేగం మార్చేటప్పుడు ఒత్తిడి మారి చుక్కో రవ్వో జారవచ్చును. సీలు అరిగినా, పగిలినా ఎక్కువే జారుతుంది. వేడికి ఆ నూనె పొగయై, ఆవిరియై గొట్టం వెంట క్యాబిన్‌లోకి వస్తుంది. విమానం తోకలో నేలమీద గాలీ కరెంటూ ఇచ్చే చిన్న ఇంజను ఒకటి ఉంటుంది. దాని నుంచి కూడా ఇలాగే రావచ్చును. ఆ వాసనను పీల్చినవారు మాసిన మేజోళ్ల వాసన అనీ, తడిసిన కుక్క వాసన అనీ చెబుతారు. ఒక్కొక్కసారి నీలం రంగు పొగ కూడా కనిపిస్తుంది.

వాసనే కదా, ముక్కు మూసుకుంటే పోతుంది అనవచ్చును. కానీ జెట్ ఇంజను నూనెలో అరుగుదల తగ్గించడానికి ట్రైక్రెసైల్ ఫాస్ఫేట్ అనే రసాయనాన్ని నూటికి సుమారు మూడు పాళ్లు కలుపుతారు. అందులో ఆర్థో అనే రకం నరాలను చెడగొట్టే విషం. దీని చరిత్ర పెద్దది. 1930లో అమెరికాలో, మద్యనిషేధం అమలులో ఉన్న కాలంలో, అల్లం అరకు పేరుతో అమ్మిన సారాయిలో ఎవరో దీన్ని కలిపారు. వేల కొలది మంది కాళ్లు పడిపోయినవి. 1959లో మొరాకో దేశంలోని మెక్నెస్ పట్టణంలో వ్యాపారులు అమెరికా వైమానిక స్థావరంలో మిగిలిన జెట్ ఇంజను నూనె కొని వంటనూనెలో కలిపి అమ్మారు. సుమారు 10 వేల మంది చేతులూ కాళ్లూ చచ్చుబడ్డాయి. మన దేశంలోనే 1988లో కలకత్తా బేహాలా ప్రాంతంలో ఈ రసాయనమే వంటనూనెలో చేరి, వందల మందికి కాళ్లు పడిపోయినవి.

ఇవి చెప్పింది మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. ఆ మూడు చోట్లా జనం విషాన్ని కడుపులోకి తీసుకున్నారు. విమానంలో గాలివెంట వచ్చేది ఎంతో స్వల్పం. పైగా నూనె చేసే కంపెనీలు ఆ ఆర్థో రకాన్ని ఇప్పుడు బాగా తగ్గించినవి. కనుక రేపు విమానమెక్కేవారు టిక్కెట్టు రద్దు చేసుకోనక్కరలేదు. అయితే విషం జాతి తెలిసిన తరువాత, అది ఎప్పుడు ఎంత వస్తున్నదో కొలిచి చూడటం యజమాని ధర్మమా కాదా? అది మాత్రమే మేము అడుగుతున్నాము.

కొలవకపోతే ఏమి జరుగుతుందో చూడండి. 1999 నవంబరు 12న స్వీడన్ దేశంలో స్టాక్‌హోం నుంచి మాల్మో నగరానికి ఒక బి.ఎ.ఇ. 146 విమానం పోతున్నది. ఆ రోజు అంతకుముందు ప్రయాణంలోనే క్యాబిన్ సిబ్బందికి ఒంట్లో బాగా లేకపోయింది. మాల్మో సమీపిస్తుండగా విమానం నడిపే ఇద్దరికీ నలతగా అయినది. కెప్టెనుకు తల తిరిగి, చూపు నిలవక, చేతులు మాట వినని స్థితి వచ్చినది. ఇద్దరూ ఆక్సిజన్ ముసుగులు పెట్టుకున్న కొద్ది నిమిషాలకు తేరుకున్నారు. విమానం క్షేమంగా దిగినది. స్వీడన్ ప్రభుత్వ దర్యాప్తువారు, బహుశా కలుషితమైన క్యాబిన్ గాలి వల్లనే వారికి అలా అయినదని తేల్చారు. బహుశా అనే మాట గమనించాలి. ఆ సమయంలో గాలిలో ఏమున్నదో కొలిచే మీటరు లేదు. దిగిన తరువాత ఆ గాలి ఉండదు. సాక్షి ఎగిరిపోయిన కేసు అది.

అదే రకం విమానాల మీద ఫిర్యాదులు ఎక్కువై ఆస్ట్రేలియా సెనేటు విచారణ జరిపి 2000 అక్టోబరులో నివేదిక ఇచ్చినది. ఆ దేశంలోనే 1992లో విమానంలో పొగ పీల్చి దగ్గు పట్టుకున్న ఒక ఎయిర్‌హోస్టెస్ కోర్టుకు వెళ్లి, 2009లో గెలిచి, లక్షా 38 వేల డాలర్లకు పైగా నష్టపరిహారం పొందినది. కంపెనీ పై కోర్టుకు వెళ్లబోతే 2010లో హైకోర్టు అనుమతి నిరాకరించినది. ఆస్ట్రేలియాలో హైకోర్టంటే మన సుప్రీంకోర్టు వంటిది. పొగ పీల్చిన రోజుకూ న్యాయం దక్కిన రోజుకూ నడుమ 18 ఏళ్లు గడిచినవి.

రెండో పక్షం మాట కూడా వినాలి. ఇంగ్లండులో క్రాన్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయంవారు 100 విమాన ప్రయాణాల్లో గాలిని కొలిచి 2011లో నివేదిక ప్రకటించారు. సాధారణ ప్రయాణాల్లో రసాయనాలు ఏవీ హద్దు దాటలేదని చెప్పారు. మంచి కబురే. అయితే ఆ 100 ప్రయాణాల్లో ఒక్కదానిలోనూ లెక్కలోకి ఎక్కదగిన పొగ సంఘటన జరగలేదు. ఎండ కాసిన రోజున గొడుగు పట్టి చూసి, ఇది వానకు కారదు అని సర్టిఫికెట్టు ఇస్తే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

ఇంతకంటె మాకు ఆశ్చర్యం కలిగించిన లెక్క ఒకటి ఉన్నది. ఇంగ్లండు ప్రభుత్వానికి విషపదార్థాల గూర్చి సలహా చెప్పే సంఘం 2007లో ఒక అంచనా ఇచ్చినది. పైలట్లు చెప్పినదాని ప్రకారం పొగ, వాసన సంఘటనలు నూరు ప్రయాణాలకు ఒకటి. మరమ్మతువారు పరీక్షించి అవునని రాసినవి రెండువేల ప్రయాణాలకు ఒకటి. అంటే పైలట్లు చెప్పిన ఇరవైలో ఒక్కటే మరమ్మతు పుస్తకంలో రుజువుకు నిలిచినది. తక్కిన పంతొమ్మిదీ కల్పనలా? కొన్ని వంటగది వాసనలై ఉండవచ్చును. కొన్ని మంచు కరిగించే ద్రావకం వాసనలై ఉండవచ్చును. కానీ మా ఆఫీసులో చేతికి వచ్చిన ఫిర్యాదులకూ రిజిస్టరులో ఎక్కిన ఫిర్యాదులకూ ఇరవై రెట్లు తేడా వస్తే, ఆడిటువారు మమ్మల్ని మధ్యాహ్నం భోజనానికి కూడా లేవనివ్వరు.

ఈ సందర్భంలో మన కాలనీ పిల్ల ఒకతె చెప్పిన మాట చెప్పాలి. ఆమె పేరు గానీ, కంపెనీ పేరు గానీ మీకు అక్కరలేదు. ఒకనాడు విమానం దిగుతుండగా మేజోళ్ల వాసన కొట్టి, ఆమెకూ తోటి పిల్లకూ తలనొప్పి, వాంతి వచ్చినట్టు అయినదట. పైవారికి చెబితే, ఓవెన్ వాసన అయి ఉంటుంది, రాసుకుంటే విమానం ఆగిపోతుంది, నీ పేరు కూడా పైకి వెళుతుంది అన్నారట. ఆమె మాతో, "బాబాయిగారూ, తలనొప్పి మర్నాటికి పోయింది. రాయొద్దన్నమాట మాత్రం పోవడం లేదు" అన్నది. ఆమె తలనొప్పికి నూనె కారణమో కాదో మేము చెప్పలేము. రాసి ఉంటే చెప్పగలవారు ఎవరో ఒకరు చూసి ఉండేవారు.

ఇక మన ఇంటి గుమ్మం దగ్గరికే వద్దాం. గోవా మనకు ఘాటు దిగితే వచ్చే ఊరు. హైదరాబాదు మన వాళ్ల రాజధాని. 2022 అక్టోబరు 12 రాత్రి గోవా నుంచి హైదరాబాదు వస్తున్న స్పైస్‌జెట్ వారి క్యు 400 విమానంలో, దిగే వేళకు క్యాబిన్ అంతా పొగ నిండినది. ప్రయాణికులు 86 మంది. పిల్లలూ పెద్దలూ ముక్కుకు గుడ్డలు అడ్డం పెట్టుకుని, దేవుణ్ణి తలచుకుంటూ కూర్చున్నారు. పైలట్లు విమానాన్ని శంషాబాదులో క్షేమంగా దింపారు. వారికి దండం పెట్టాలి. కంగారుగా దిగేటప్పుడు ఒకరికి కాలు గీరుకుపోవడం తప్ప పెద్ద దెబ్బలు తగలలేదు. ఆ రాత్రి హైదరాబాదు రావలసిన కొన్ని విమానాలను దారి మళ్లించవలసి వచ్చినది.

విమానాల భద్రత చూసే మన ప్రభుత్వ కార్యాలయం పేరు డి.జి.సి.ఏ. వారు ఇంజను విప్పించి చూస్తే, ఇంజను నుంచి గాలి తీసే బ్లీడ్ వాల్వులో నూనె కనబడినది. ఆ నూనె ఎయిర్ కండిషన్ దారిలోకి పోయి పొగ అయినదని తేల్చారు. మేము ఇంతసేపు చెప్పిన కథ అదే. ఆ కంపెనీ క్యు 400 ఇంజన్లన్నిటి నూనె నమూనాలనూ పదిహేను రోజులకు ఒకసారి కెనడాలోని ఇంజను తయారీదారులకు పంపి, అందులో లోహపు పొడి, సీలు పొడి ఉన్నవేమో చూపించమని ఆజ్ఞ ఇచ్చారు. బ్లీడ్ వాల్వులు తనిఖీ చేయమన్నారు. ఇది సరైన పని. మెచ్చుకోవాలి.

అయితే తేదీలు కూడా చూడాలి. అదే ఏడు జూలై 2న అదే కంపెనీ అదే రకం విమానం ఢిల్లీ నుంచి జబల్‌పూరు పోతూ, 5 వేల అడుగుల ఎత్తున పొగ నిండి వెనక్కి వచ్చినది. ఇతర సంఘటనలు కూడా కలిసి, జూలై 27న డి.జి.సి.ఏ. వారు ఆ కంపెనీ సగం ప్రయాణాలకు మించి నడపరాదని ఎనిమిది వారాల హద్దు పెట్టారు. ఆ హద్దును అక్టోబరు 29 వరకు పొడిగించారు. హైదరాబాదు సంఘటన జరిగినది ఆ హద్దు అమలులో ఉండగానే. జూలైలో ఢిల్లీలో పొగ వచ్చినప్పుడే నూనె నమూనాల ఆజ్ఞ వెలువడి ఉంటే, అక్టోబరులో మన ఆడబిడ్డలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే అవసరం తప్పేదేమో. పొగ కనబడిన తరువాత చూడటం మంచిదే. కనబడకముందు చూడటానికి అధిపతి కావాలి.

ఇక్కడ రైల్వేవారు గర్వించదగిన సంగతి ఒకటి చెబుతాము. రైళ్ల భద్రత తనిఖీ చేసే కమిషనరు ఏ మంత్రిత్వ శాఖ కింద ఉంటారో మీలో ఎంతమందికి తెలుసు? రైల్వే శాఖ కింద ఉండరు. పౌర విమానయాన శాఖ కింద ఉంటారు. బండి నడిపేవారే బండిని తనిఖీ చేస్తే న్యాయం జరగదని 1941లోనే ఆ ఇన్‌స్పెక్టర్లను రైల్వే బోర్డు చేతిలో నుంచి తీసి, అప్పటి తపాలా విమాన శాఖకు అప్పగించారు. కొత్త లైను తెరవాలన్నా, ప్రమాదం మీద విచారణ జరగాలన్నా ఆయన రావలసిందే. ఆయన వచ్చే రోజున మా పెద్ద ఆఫీసర్లు కూడా చొక్కా గుండీలు సరిచూసుకుంటారు.

మరి విమానాలవారి సంగతి? నిబంధనలు చేసి తనిఖీ చేసే డి.జి.సి.ఏ. పౌర విమానయాన శాఖ కిందనే ఉన్నది. ప్రమాదాలు విచారించడానికి 2012లో వేరే బ్యూరో పెట్టారు. అంతకుముందు ఆ పని కూడా డి.జి.సి.ఏ. వారిదే. ఆ బ్యూరో కూడా అదే శాఖ కింద ఉన్నది. రైలుకు పక్కింటి పెద్దమనిషి కాపలా, విమానానికి ఇంటివారే కాపలా. 2014 జనవరిలో అమెరికావారు, మన తనిఖీ వ్యవస్థలో సిబ్బంది చాలరని మన దేశాన్ని రెండవ తరగతిలోకి దింపారు. మనవారు ఇన్‌స్పెక్టర్లను చేర్చుకుని, లోపాలు దిద్దుకుని, 2015 ఏప్రిల్‌లో మళ్లీ మొదటి తరగతి సంపాదించారు. మనసు పెడితే పదిహేను నెలల్లో ఎంత పని చేయగలరో దీన్ని బట్టి తెలుస్తున్నది. 1934 నాటి పాత చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమం 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చినది. పుస్తకం కొత్తదయినప్పుడు గాలికి కూడా ఒక పేజీ కేటాయించమని అడగడానికి ఇదే అదను.

అసలు నిబంధనలు లేవా అంటే, ఉన్నవి. అమెరికావారి నిర్మాణ నిబంధనల ప్రకారం విమానంలో ప్రతి మనిషికీ నిమిషానికి 0.55 పౌను, అంటే సుమారు 250 గ్రాముల కొత్త గాలి అందేలా కట్టాలి. కార్బన్ మోనాక్సైడ్ 20 వేల పాళ్లలో ఒక పాలు మించరాదు. హానికరమైన ఆవిర్లు ఉండరాదు. చదవడానికి ఎంతో బాగున్నది. కానీ ఇది విమానం కట్టేటప్పుడు చూపవలసిన లెక్క. రోజూ ఎగిరే విమానంలో నూనె ఆవిరి పట్టే మీటరు పెట్టాలని ఆ నిబంధనలో లేదు. ముక్కే మీటరు. కొంతసేపటికి ముక్కు కూడా ఆ వాసనకు అలవాటు పడిపోతుంది.

దారి లేక కాదు. బోయింగ్ 787 విమానంలో క్యాబిన్ గాలిని ఇంజను నుంచి తీయరు. వేరే కిటికీ గుండా బయటి గాలిని తెచ్చి కరెంటు యంత్రాలతో నొక్కుతారు. 2011 నుంచి ఆ విమానాలు ప్రయాణికులతో తిరుగుతున్నవి. 2012లో ఎయిర్ ఇండియాకు కూడా వచ్చినవి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2015లోనే, పొగ వాసన సంఘటనలను సిబ్బంది ఎలా గుర్తించాలి, ఎలా రాయాలి అని మార్గదర్శక పత్రం ప్రచురించినది. 2024 మేలో అమెరికా చేసిన విమానయాన చట్టంలో క్యాబిన్ గాలికి ప్రత్యేక భాగం పెట్టి, సంఘటనలు ఒకే పద్ధతిలో నమోదు చేయాలనీ, శాస్త్రవేత్తల చేత అధ్యయనం చేయించాలనీ రాశారు.

ఇవన్నీ జరిగే పనులా అని నిరాశ పడేవారికి ఒక పాత సంగతి గుర్తు చేస్తాము. ఒకప్పుడు విమానంలో సిగరెట్టు కాల్చేవారు. వెనక వరసల్లో వారు కాలుస్తుంటే ముందు వరసల్లో పసిపిల్లలు పీల్చేవారు. 1986లో అమెరికా శాస్త్రవేత్తల సంఘం, విమానాల్లో పొగతాగడం మానిపించాలని నివేదిక ఇచ్చినది. 1988లో రెండు గంటలలోపు ప్రయాణాల్లో, 1990లో ఆరు గంటలలోపు స్వదేశ ప్రయాణాల్లో, 2000లో ఆ దేశానికి వచ్చిపోయే విమానాలన్నిటిలోనూ నిషేధించారు. దాని వెనుక ఎయిర్‌హోస్టెస్‌ల సంఘాలు ఏళ్ల తరబడి చేసిన ఫిర్యాదులున్నవి. మొదట వారిని కూడా సుకుమారులని ఎగతాళి చేశారు. ఈనాడు విమానంలో ఎవరైనా అగ్గిపుల్ల గీస్తే మనమే కేకలేస్తాము.

కనుక మన వంతు ఏమిటో చెప్పి ముగిస్తాము.

విమానంలో నూనె వాసన గానీ, మేజోళ్ల వాసన గానీ, పొగ గానీ తగిలితే మొగమాటపడక వెంటనే సిబ్బందికి చెప్పండి. వారు పైలట్లకు చెబుతారు. పైలట్లకు ముసుగులో ఆక్సిజన్ ఉన్నది. అది పెట్టుకోవడానికి వారికి కబురు అందాలి.

దిగిన వెంటనే ఒక కాగితం మీద తేదీ, విమానం నంబరు, సీటు నంబరు, వాసన వచ్చిన వేళ, ఎంతసేపు ఉన్నది, ఒంట్లో ఏమనిపించినది రాసుకోండి. మర్నాడు రాస్తే సగం మరచిపోతాము. నలతగా ఉంటే డాక్టరుకు ఆ కాగితం చూపించండి. కంపెనీకి రాయండి. పౌర విమానయాన శాఖవారు ప్రయాణికుల ఫిర్యాదుల కోసం పెట్టిన ఎయిర్ సేవాలో కూడా నమోదు చేయండి. జవాబు వచ్చినా రాకపోయినా నంబరు దాచుకోండి.

ఎయిర్‌హోస్టెస్ ఉద్యోగాలు చేస్తున్న మన ఆడపిల్లలకు ఒక్క మాట. అమ్మా, మీకు జీతం ఎంత ముఖ్యమో ఊపిరీ అంతే ముఖ్యం. రాయవద్దన్నవారి మాట మీద రాయకుండా ఉండకండి. ఒంటరిగా రాయడానికి భయమైతే ఇద్దరు ముగ్గురు కలిసి సంతకం పెట్టండి. తల్లిదండ్రులు కూడా, ఉద్యోగం పోతుందేమో నోరు మూసుకో అని పిల్లలకు బుద్ధి చెప్పకండి.

చివరగా కార్యదర్శిగారికి మా విన్నపం. సంఘం కార్యాలయంలో చందాల పుస్తకం పక్కన ఒక నోటుబుక్కు పెట్టించండి. విమాన ప్రయాణాల్లో మనవారికి ఎదురైన ఇటువంటి సంగతులు అందులో తేదీలతో సహా రాద్దాం. ఏడాది చివర ఆ పేజీల నకలు డి.జి.సి.ఏ. వారికీ, మన పార్లమెంటు సభ్యులకూ పంపుదాం. గీతలు గీసి, నంబర్లు వేసి, ఆ పుస్తకాన్ని క్రమంగా రాసే బాధ్యత మేమే తీసుకుంటాము. అది మాకు చేతనైన విద్య. పేజీలు ఖాళీగా మిగిలితే అంతకంటె సంతోషం లేదు. నిండితే మాత్రం, ఢిల్లీలో ఎవరో ఒకరు వాటిని చదవక తప్పదు.

ఈ కొత్త సంవత్సరం మీ అందరికీ ఆయురారోగ్యాలు ప్రసాదించుగాక.